ముట్టుకోని అద్దం

పాత కారున్న చాలా ఇళ్లలో ఒక హెచ్చరిక తరచూ వినిపిస్తుంది. వెనక సీట్లో కూర్చున్న చుట్టం గాలి కోసం బటన్ మీద వేలు పెట్టగానే ముందు సీట్లోంచి యజమాని కంగారుపడతాడు. "అది నొక్కకండి బావగారూ, దిగిందంటే మళ్లీ ఎక్కదు." బావగారు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. కొన్నాళ్లకు ఆ సంగతి ఇంట్లో అందరికీ అలవాటైపోతుంది. ఆ వెనక అద్దం ఇక మూసే ఉంటుంది. పాడైంది డ్రైవర్ వైపు అద్దం అయితే ఇబ్బంది ఇంకాస్త పెరుగుతుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి కాకముందు విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర డోర్ సగం తెరిచి డబ్బులిచ్చినవాళ్లున్నారు. ఇప్పటికీ పార్కింగ్ చీటీ తీసుకోవాలన్నా, పోలీసు ఆపితే కాగితాలు చూపించాలన్నా డోర్ తెరిచేవాళ్లున్నారు.

ఈ అధ్యాయం ఆ అద్దం గురించి. పాడైన వస్తువు చుట్టూ మన రోజును మనమే ఎలా సర్దేసుకుంటామో, ఆ సర్దుబాటు చివరికి ఎంత భారమవుతుందో చెప్పడానికి పవర్ విండో కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ముట్టుకోకుండా వదిలేసిన అద్దం, వదిలేసిన స్థితిలోనే ఉండిపోదు. అంచుల రబ్బరు అద్దానికి అతుక్కుంటుంది. స్విచ్ లోపలి రాగి ముక్కల మీద చిలుము పడుతుంది. తలుపు లోపలి గ్రీజు ఎండి గట్టిపడుతుంది. మొన్న వేసవిలో నెమ్మదిగానైనా కదిలిన అద్దం, వచ్చే వేసవికి అసలు కదలనంటుంది. అప్పుడు బలవంతంగా నొక్కితే మోటారే పోతుంది. భయపడి దూరం పెట్టిన కొద్దీ అది నిజంగానే భయపడాల్సిన స్థితికి చేరుతుంది.

హైదరాబాద్‌లో నాగోల్, కొత్తపేట, చైతన్యపురి, ఎల్బీనగర్ కాలనీల్లో తిరిగితే ఈ కథ ఇంటింటికీ కాకపోయినా వీధివీధికీ దొరుకుతుంది. 1998లో శాంత్రో, 1999లో వ్యాగనార్, 2005లో స్విఫ్ట్ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఉద్యోగం చేసుకుని ఇల్లు కట్టుకున్న ఎన్నో కుటుంబాలకు మొదటి కారు ఆ కాలంలోదే. ఏపీ 29 నంబరు ప్లేటుతో అవి ఇంకా గేటు ముందు నిలబడి ఉన్నాయి. తర్వాత 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేటకు, 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో మొదలైంది. ఆఫీసు ప్రయాణం రైలుకి మారింది. కారు పండక్కి సూర్యాపేటకో, ఖమ్మానికో, విజయవాడకో వెళ్లడానికి మిగిలింది. మిగతా రోజులన్నీ ఎండలోనే. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు బిగుస్తుంది, తలుపు లోపలి ప్లాస్టిక్ ముక్కలు పెళుసుబారతాయి. నాగోల్ ఫ్లైఓవర్ 2022 అక్టోబర్‌లో తెరిచేదాకా ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన లేచిన దుమ్ము అద్దాల గాడుల్లో కూడా చేరింది. తిరిగి తిరిగి అరిగిపోయే అద్దాలు ఉంటాయి, కాదనను. కానీ ఈ పక్క కార్లలో కదలక బిగుసుకుపోయిన అద్దాల సంగతే ముందు ఆలోచించాలని నా అభిప్రాయం.

పాడైనప్పుడు మనకు సాధారణంగా రెండు దారులే తోస్తాయి. వదిలేయడం, లేదా "మొత్తం మార్చేయండి" అని షెడ్డులో అప్పగించి రావడం. రెండింటిలోనూ మనం చూడని సంగతి ఒకటే: అసలు ఏది పాడైంది? మూడో దారి ఆ ప్రశ్నతో మొదలవుతుంది. దానికి మెకానిక్ కానక్కర్లేదు. కాస్త చెవి, కాస్త ఓపిక, ఒక ఆదివారం పొద్దుట చాలు.

బలం ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

పవర్ విండో మొదట్లో రాజభోగం. 1940లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ తన ఖరీదైన కార్లలో పెట్టినప్పుడు అద్దాన్ని ఎత్తింది నూనె ఒత్తిడి. తర్వాత ఆ పనిని చిన్న కరెంటు మోటార్లు తీసుకున్నాయి. మన చిన్న కార్లలోకి వచ్చేసరికి అది ఎంత సరళమైపోయిందంటే, తలుపు లోపలి యంత్రం మొత్తాన్ని ఒక గొలుసుగా చెప్పుకోవచ్చు.

బ్యాటరీ నుంచి కరెంటు బయల్దేరుతుంది. ఫ్యూజ్ దాటుతుంది. చాలా కార్లలో రిలే దాటుతుంది. డ్రైవర్ తలుపు మీదున్న పెద్ద స్విచ్ బోర్డుకి వస్తుంది. అక్కడి నుంచి ఒక్కో తలుపుకీ తీగలు వెళ్తాయి. బాడీకీ తలుపుకీ మధ్య మడతలు మడతలుగా నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, తీగలు దాని లోపలి నుంచే పోతాయి. తలుపులో 12 వోల్టుల చిన్న మోటారు ఉంటుంది. దాని చివర మరలాంటి గేరు. ఆ గేరు విండో మెషిన్‌ని తిప్పుతుంది. షెడ్డుల్లో 'మెషిన్' అంటే ఇదే. మెషిన్ రెండు రకాలు. ఒకటి కత్తెరలా తెరుచుకుని ముడుచుకునే ఇనుప చేతులది. రెండోది సన్నని ఉక్కు కేబుల్, కప్పీలు, ప్లాస్టిక్ జారుడు ముక్కలతో నడిచేది. మెషిన్ అద్దాన్ని మోస్తుంది. అద్దం రెండు పక్కలా రబ్బరు గాడిలో, అంటే బీడింగ్‌లో, జారుతుంది.

గొలుసు అంతే. అద్దం కదలకపోతే బలం ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోయింది. ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అనేదే మనం తేల్చుకోవాలి. ఈ అధ్యాయంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటే, ఈ ప్రశ్నే గుర్తుంచుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు గ్రూప్స్ కోసం, డీఎస్సీ కోసం, బ్యాంకు పరీక్షల కోసం వచ్చే పిల్లల్ని కూడా నేను ఇదే ప్రశ్న వేసుకోమంటాను. ఒకసారి తప్పగానే కోచింగ్ మార్చేస్తారు, పుస్తకాలన్నీ మార్చేస్తారు, గది కూడా మార్చేస్తారు. చదివింది తలకెక్కలేదా, ఎక్కింది పరీక్ష గదిలో గుర్తుకు రాలేదా, గుర్తొచ్చినా టైము చాలలేదా? మూడూ వేరు వేరు చోట్ల ఆగిన బలాలు. మూడింటికీ మందు ఒకటి కాదు. టైము చాలనివాడికి కొత్త మెటీరియల్ కొనిస్తే ఏం లాభం?

ముందు వినండి, తర్వాత విప్పండి

పానా చేతిలోకి తీసుకునేముందు చేయాల్సిన పరీక్షలున్నాయి. పైసా ఖర్చు లేనివి. ఇక్కడ తొందరపడితే తర్వాత తలుపంతా విప్పి కూడా సంగతి తేలదు.

అన్నిటికంటే ముందు డ్రైవర్ తలుపు మీది లాక్ బటన్ చూడండి. పిల్లలు వెనక అద్దాలు దించకుండా పెట్టిన బటన్ అది. అది నొక్కి ఉంటే మిగతా తలుపుల స్విచ్‌లు పనిచేయవు. ఎవరి చెయ్యో తగిలి లాక్ పడితే, కారును నేరుగా షెడ్డుకి తీసుకెళ్లినవాళ్లూ ఉంటారు.

నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగిపోతే మోటార్ల జోలికి పోకండి. నాలుగు మోటార్లు ఒకే రోజు చావవు. ఫ్యూజో, రిలేనో, డ్రైవర్ స్విచ్ బోర్డుకి వచ్చే మెయిన్ తీగో చూడాలి. ఫ్యూజ్ పాతిక రూపాయల లోపు వస్తువు. కాలిన ఫ్యూజ్ స్థానంలో అదే ఆంపియర్ ఫ్యూజే వేయండి. 20 ఉన్నచోట 30 వేస్తే అద్దం ఆ పూటకి కదలొచ్చు, రేపు తీగ కాలుతుంది. తీగముక్క చుట్టి పెట్టడం ఇంకా ప్రమాదం. వేసిన ఫ్యూజ్ మళ్లీ కాలిందంటే దారిలో ఎక్కడో తీగ బాడీకి తగులుతోందేమో చూడాలి.

ఒక్క అద్దమే మొరాయిస్తే దాన్ని రెండు చోట్ల నుంచి నొక్కి చూడండి. డ్రైవర్ దగ్గర నొక్కితే కదిలి, ఆ తలుపు దగ్గర నొక్కితే కదలకపోతే, లేదా అటుది ఇటు అయినా, మోటారు బాగున్నట్టే. తప్పు స్విచ్‌ది. చాలా కార్లలో వెనక ఎడమ, కుడి తలుపుల స్విచ్‌లు ఒకే రకం. పక్క తలుపుది ఊడదీసి ఇక్కడ పెట్టి చూడొచ్చు. కొనకుండా తేల్చుకునే పద్ధతి ఇది.

రాత్రిపూట చేసే పరీక్ష ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి బటన్ నొక్కండి. లైటు కాస్త మందగిస్తే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, కానీ మోటారు తిరగలేకపోతోంది. అంటే అద్దం బిగుసుకుంది, లేదా మోటారు లోపల పట్టేసింది. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటు మోటారు దాకా చేరడం లేదు, లేదా మోటారు లోపలి కార్బన్ ముక్కలు అరిగిపోయాయి. ఒక్క చిన్న మినుకుతో గొలుసులో సగం పక్కకి తప్పుకుంటుంది.

ఇక చెవి. బటన్ నొక్కితే 'జుయ్'మని మోటారు హాయిగా తిరిగి అద్దం మాత్రం కదలకపోతే, కరెంటు పక్క అంతా క్షేమం. గేరు పళ్లో, గేరు మధ్యలోని చిన్న నైలాన్ ముక్కలో, కేబులో పోయింది. 'కరకర' వినిపిస్తే కేబుల్ పోగులు విడిపోయి, అది చుట్టుకునే చక్రంలో చిక్కుకుంటున్నాయి. ఆ శబ్దం వచ్చాక ఇంకోసారి నొక్కకండి, చక్రం కూడా విరుగుతుంది. అద్దం పైకి వస్తూ వస్తూ చివర్లోనే బరువెక్కితే దోషం బీడింగ్‌ది. ఒక పక్కకి ఒరిగి ఎక్కితే జారుడు ముక్క విరిగింది, లేదా అద్దాన్ని మెషిన్‌కి పట్టే బోల్టు వదులైంది.

చేత్తో చేసే పరీక్ష కూడా ఉంది. సగం తెరిచిన అద్దాన్ని రెండు అరచేతులతో పట్టి కిందికి నొక్కండి. బాగున్న మెషిన్ ఒక్క వేలెడు కూడా వదలదు. మోటారు చివరి గేరు అద్దాన్ని కదపగలదు గాని, అద్దం ఆ గేరుని తిప్పలేదు. దొంగ అద్దాన్ని చేత్తో దించకుండా కాపాడేది అదే. అద్దం మీ చేతికి జారిందంటే గేరుకీ అద్దానికీ మధ్య లంకె తెగిపోయింది.

తలుపు తెరిచి నొక్కితే పనిచేసి, మూసి నొక్కితే ఆగిపోయే అద్దాలు కొన్నుంటాయి. వీటికి మోటారు మార్చి, మెషిన్ మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. తప్పు ఆ రబ్బరు గొట్టం లోపల ఉంటుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అక్కడి తీగలు వంగుతాయి. ఇరవై ఏళ్లకు ఒకటి తెగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంటుంది, లోపల రాగి మాత్రం విడిపోతుంది. గొట్టాన్ని వెనక్కి జరిపి ఒక్కో తీగనీ మెల్లగా లాగి చూస్తే, తెగినది రబ్బరులా సాగుతుంది. దానికి అదే మందం తీగ అతికి టంకం వేయించండి. మెలేసి టేపు చుడితే మళ్లీ అక్కడే తెగుతుంది.

ఇంకొకటి. బటన్‌ను ఆగకుండా పదే పదే నొక్కితే మోటారు పూర్తిగా మౌనం వహిస్తుంది. కంగారు పడకండి. చాలా మోటార్లలో వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పావుగంట వదిలేస్తే మళ్లీ తిరుగుతుంది. తిరిగిందని సంతోషించి అక్కడితో వదలకండి, అంత వేడెందుకెక్కిందో వెతకండి.

వానలో దిగిపోయిన అద్దం

ఇవన్నీ ఇంటి దగ్గర తీరికగా చేసేవి. కానీ అద్దం తరచుగా ఆగేది రోడ్డు మీదే. అద్దం దిగి ఉంది, ఎల్బీనగర్ చౌరస్తాలో మబ్బు కమ్ముకొచ్చింది. అప్పుడు ఒకరు బటన్‌ను 'పైకి' నొక్కి పట్టుకోండి. ఇంకొకరు అద్దాన్ని లోపల ఒక అరచేయి, బయట ఒక అరచేయి పెట్టి పైకి తోయండి. వేళ్లు పై అంచు మీద పెట్టొద్దు, ఒక్కసారిగా కదిలితే నలుగుతాయి. అద్దం కదలకుండా, శబ్దం కూడా లేకపోతే, బటన్ నొక్కి పట్టి తలుపు లోపలి పలకను మోటారు ఉన్న చోట పిడికిలితో రెండు మూడు సార్లు తట్టండి. అరిగిన కార్బన్ ముక్క ఆ కుదుపుకి తాకుతుంది, మోటారు ఒక్కసారి తిరుగుతుంది. ఆ ఒక్కసారిలోనే పూర్తిగా ఎక్కించండి. మళ్లీ దించి చూడాలన్న కోరిక రాకూడదు.

ఎక్కిన అద్దం తనంతట తానే జారుతుంటే, పై అంచు మీదుగా లోపల నుంచి బయటికి వెడల్పు టేపు రెండు చోట్ల అంటించండి. ఇల్లు చేరడానికి అది చాలు. కారులో ఒక టేపు చుట్ట, ఒక పాలిథిన్ షీటు ఎప్పుడూ ఉంచుకోవాలి.

తలుపు విప్పే ముందు

గొలుసులో తప్పు తలుపు లోపలే అని తేలితేనే తలుపు విప్పాలి. విప్పేముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి. రెండు చేతులకీ మందపాటి గ్లౌజులు వేసుకోండి. తలుపు లోపలి రేకు అంచులు కత్తిలా ఉంటాయి.

స్క్రూలు దాచి ఉంచుతారు. తలుపు లాగే గుంటలో మూత కింద ఒకటి, లోపలి హ్యాండిల్ వెనక ఒకటి, చెయ్యి ఆనించుకునే చోట కింద ఒకటో రెండో. స్క్రూలన్నీ తీశాక తలుపు లోపలి పలక, అంటే ప్యాడ్, అంచుల్లో ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తితే పెయింటు లేచిపోతుంది. వెడల్పుగా, పల్చగా ఉన్న ప్లాస్టిక్ పట్టీతో కింది మూల నుంచి ఒక్కో క్లిప్పునీ వదిలించండి. పాత క్లిప్పులు కొన్ని విరుగుతాయి. ముందే కొన్ని కొని దగ్గర పెట్టుకుంటే పని ఆగదు. ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. తీగలను కలిపే కప్లర్లను తీగ పట్టి లాగకుండా, వాటి మీది లాక్ నొక్కి విప్పండి.

ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించి ఉంటుంది. చాలా షెడ్డుల్లో దాన్ని చింపి అవతల పారేస్తారు. అది పనికిమాలిన కవరు కాదు. అద్దం మీద పడిన వాన కొంత తలుపు లోపలికి దిగుతుంది. అలా దిగాలనే తలుపు కట్టారు. ఆ నీటిని తలుపు అడుగు రంధ్రాల వైపు పంపేది ఈ షీటే. అది లేకపోతే నీరు ప్యాడ్ తడిపి, కార్పెట్ తడిపి, కొన్నాళ్లకు కారంతా బూజు వాసన కొడుతుంది. జాగ్రత్తగా ఒలిచి, అదే జిగురు మీద తిరిగి అంటించండి.

ఇక్కడ మోటారుని నేరుగా పరీక్షించవచ్చు. దాని కప్లర్‌లో రెండు తీగలే ఉంటే ఫ్యూజ్ ఉన్న తీగతో 12 వోల్టులు ఇవ్వండి. ఒక దిక్కు తిరుగుతుంది. తీగలు మార్చి ఇస్తే ఎదురు దిక్కు తిరుగుతుంది. రెండు దిక్కులా బలంగా తిరిగితే మోటారు మీద అనుమానం వదిలేయండి. తీగలు రెండు కంటే ఎక్కువ ఉన్నాయంటే మోటారులో చిన్న సర్క్యూట్ ఉందని అర్థం. అలాంటిదాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

మెషిన్ విప్పేముందు అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తి, తలుపు చట్రం మీదుగా టేపుతో గట్టిగా కట్టండి. అద్దం తలుపు లోపలికి పడితే పగిలిపోవచ్చు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కత్తెర రకం మెషిన్లలో చాలావాటికి చుట్టలా బిగించిన బలమైన స్ప్రింగు ఉంటుంది, అద్దం బరువు పంచుకోవడానికి. మోటారు దాన్ని ఆపి ఉంచుతుంది. మెషిన్ నుంచి మోటారు విప్పిన క్షణంలో ఇనుప చెయ్యి ఒక్క విసురున తిరుగుతుంది. వేలు అడ్డం ఉంటే ఎముక విరుగుతుంది. ఇనుప చేతికున్న పళ్ల పలకను మెషిన్ ఫ్రేముకి బోల్టుతోనో, గట్టి క్లాంపుతోనో బిగించాకే మోటారు విప్పాలి. ఆ పని మీకు కొత్తయితే మెషిన్ మొత్తాన్ని బయటికి తీసి, మోటారు విడదీసే పని షెడ్డుకి ఇవ్వండి. ధైర్యం చూపాల్సిన చోటు ఇది కాదు.

కొత్తది బిగించేటప్పుడు ఎక్కువమంది వదిలేసే మెట్టు ఒకటుంది. బోల్టులన్నీ ముందే బిగించకండి. వదులుగా ఉంచి అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించండి. పైన గాడిలో అద్దం తన చోటు తాను వెతుక్కుంటుంది. అప్పుడు బిగించండి. ముందే బిగిస్తే అద్దం వంకరగా ఎక్కుతుంది, కొత్త మోటారు మొదటి రోజు నుంచే బరువు లాగుతుంది.

గ్రీజు గేరు పళ్లకి, ఇనుము మీద ఇనుము జారే చోట్లకి. రబ్బరు గాడికి మాత్రం సిలికాన్ స్ప్రే. ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె, కిరోసిన్ వద్దు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అతుక్కుంటుంది, పది రోజుల సుఖం తర్వాత మళ్లీ అదే కథ. స్ప్రే కొట్టేముందు తడిగుడ్డ చుట్టిన పల్చటి పుల్లతో గాడి తుడవండి. అక్కడి నుంచి వచ్చే మట్టి చూస్తే, నెమ్మదించిన అద్దాల్లో ఎన్నింటికి ఈ శుభ్రతే చాలునో తెలుస్తుంది.

అద్దం మీద పాత ఫిల్మ్ ఉంటే దాని సంగతి కూడా చూడండి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్న తర్వాత చాలా కార్లకు హడావిడిగా పీకేశారు. జిగురు మాత్రం అద్దం కింది భాగంలో, లోపలికి దిగే చోట, మిగిలిపోతుంది. అద్దం దిగినప్పుడల్లా ఆ జిగురు లోపలి బీడింగ్‌ని పట్టి లాగుతుంది.

షెడ్డులో మాట్లాడటం

ఇన్ని తెలిశాక కూడా పని మనమే చేయాలని లేదు. తప్పు ఎక్కడుందో తేల్చుకుని వెళ్తే మెకానిక్ పని తేలికవుతుంది, మన ఖర్చు తగ్గుతుంది. "అద్దం పనిచేయట్లేదు" అని చెప్పినవాడికి, "మోటారు తిరుగుతోంది, అద్దం కదలట్లేదు" అని చెప్పినవాడికి వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

"సార్, మెషిన్ ఖరాబైంది. మోటార్‌తోని మొత్తం సెట్టు మార్చాలె."

"అన్నా, మోటారు శబ్దం బాగానే వస్తోంది. లోపల గేరు ముక్కే పోయిందేమో, ఒకసారి విప్పి చూపిస్తావా? పాత సామాను నాకివ్వు, చూసుకుంటా."

ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు. నాకు కొంత తెలుసు, నీకు నాకంటే ఎక్కువ తెలుసు అనే మాట ఉంది. చాలామంది మెకానిక్‌లు ఆ మాటకి మెత్తబడి, చేసే పని చూపిస్తూ చేస్తారు. మొత్తం సెట్టు మార్చడమే మేలు అని అతను చెప్పడానికి కూడా కారణం ఉండొచ్చు. కొన్ని మోడళ్లకు గేరు విడిగా దొరకదు, కేబుల్ విడిగా వేస్తే నిలవదు. కారణం అడగండి. కారణం చెప్పగలిగితే ఒప్పుకోండి. బేరం సామాను మీద ఆడండి, చేతి పని మీద ఆడకండి. గంటన్నర వంగి తలుపులో చెయ్యి పెట్టి చేసే పని అది.

సామాను కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లొచ్చు. నాగోల్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే ప్యారడైజ్‌లో దిగి ఆటో పట్టుకోవచ్చు. పాత ముక్కను చేతిలో పట్టుకెళ్లండి. మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే పేరుతో వచ్చిన కార్లకే మధ్యలో కప్లర్లు మారుతుంటాయి. ఎడమ తలుపుదా, కుడి తలుపుదా అన్నది చూసి తీసుకోండి. సెకండ్‌హ్యాండ్ మోటారు తీసుకుంటే దుకాణంలోనే బ్యాటరీకి పెట్టి రెండు దిక్కులా తిప్పించి చూడండి.

నీళ్లు వచ్చి వెళ్లిన తర్వాత

2020 అక్టోబర్ 13 రాత్రి వానను నాగోల్, బండ్లగూడ, సరూర్‌నగర్ వాళ్లు మరిచిపోలేరు. చెరువులు పొంగి కాలనీలు మునిగాయి, కార్లు సీట్ల దాకా నీళ్లలో నిలబడ్డాయి. ఇంజిన్లు బాగుచేయించారు, సీట్లు ఆరబెట్టారు. తలుపుల లోపలికి మాత్రం చాలామంది చూడలేదు. బురద నీరు స్విచ్‌లో, మోటారులో, కప్లర్లలో మిగిలితే కరెంటు పోయేచోటల్లా ఆకుపచ్చ చిలుము పెరుగుతుంది. అద్దం ఆ వారం ఆగదు. నెలల తర్వాత, ఏ కారణం లేకుండా అన్నట్టు ఆగుతుంది. అందుకే మునిగిన కారుకు వెంటనే నాలుగు ప్యాడ్లు విప్పించి, కప్లర్లు శుభ్రం చేయించి, ఆరబెట్టించండి. ఈ పక్క పాత కారు కొనేవాళ్లు ఒక తలుపు ప్యాడ్ విప్పి చూపించమని అడగండి. లోపలి రేకు మీద బురద గీత ఉంటే ఆ కారు ఎంత ఎత్తు నీళ్లు చూసిందో తెలిసిపోతుంది.

మునగని కార్లకు కూడా జూన్‌కి ముందు చేయాల్సింది ఒకటుంది. తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో పూడుకుపోతాయి. పుల్లతో పొడవండి. తలుపు ఊపితే లోపల నీళ్లు చప్పుడు చేస్తున్నాయంటే ఆ పని ఇప్పటికే ఆలస్యమైంది.

బాగైన అద్దాన్ని మళ్లీ పాత అలవాటులోకి జారనివ్వకండి. కారు గేటు ముందే ఉన్నా వారానికి ఒకసారి నాలుగు అద్దాలూ పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చేస్తే బ్యాటరీ మీద భారం ఉండదు. రెండు నిమిషాల పని.

చివరిగా పిల్లల గురించి. కొత్త కార్లు కొన్నింటిలో అద్దం ఎక్కుతూ అడ్డం తగిలితే వెనక్కి దిగుతుంది. పాత కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. వాటిలో కొన్నింటి స్విచ్‌లను పైన నొక్కితే చాలు, అద్దం ఎక్కేస్తుంది. తల బయట పెట్టి చూస్తున్న పిల్లవాడి మోకాలు స్విచ్ మీద పడితే అద్దం మెడ దాకా లేస్తుంది. అమెరికాలో పిల్లలు ఇలాగే చనిపోయాక, మోకాలు తగిలినా అద్దం లేవకుండా స్విచ్‌ల రూపం మార్చాలని 2004లో అక్కడి ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మీ ఇరవై ఏళ్ల కారుకి ఆ నిబంధన తెలియదు. మీరు బాగుచేసిన మోటారు ఇప్పుడు కొత్త బలంతో అద్దాన్ని ఎత్తుతుంది. కాబట్టి వెనక సీట్లో పిల్లలున్నప్పుడు డ్రైవర్ పక్క లాక్ బటన్ నొక్కే ఉంచండి, కారు దిగేటప్పుడు తాళం చెవి మీతోనే తీసుకెళ్లండి.